పగబట్టి నేర్చుకున్న లెక్కలు

నాకు లెక్కలు వచ్చింది తెలివితేటల వల్ల కాదు, పగ వల్ల. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చుని పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. వాళ్ళ అమ్మానాన్నలు అప్పుడప్పుడు ముచ్చటపడి, "మేడం, మీకు లెక్కలంటే ఇంత ఇష్టం ఎలా కలిగింది?" అని అడుగుతుంటారు. నవ్వి ఊరుకుంటాను. ఇష్టమా, పాడా! ఒక మనిషి తప్పులు పట్టుకోవాలని పంతం పట్టి కూర్చున్నాను. ఆ పట్టుకునే పనిలో పడి లెక్కలు వచ్చేశాయి. ఆ మనిషి పేరు ఇక్కడ రాయను. రాయాలని చెయ్యి దురద పెడుతోంది, అయినా రాయను.

కరోనా వచ్చిన ఏడాది నేను ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాను. ఆ చదువంతా ఫోనులోనే. మాది విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బర్‌ని ఆనుకుని ఉన్న పేట. అయ్య మరబోటు మీద కళాసి, వేటకి వెళ్తే పది పన్నెండు రోజులకి గానీ ఇంటి ముఖం చూడడు. అమ్మ తెల్లవారకముందే జెట్టీకి వెళ్ళి, వేలం పాటలో చేపలు కొని, వాటిని కాలనీల్లో తిప్పి అమ్ముతుంది. మా ఇంట్లో ఉన్న ఒక్క టచ్ ఫోనూ అమ్మదే. అమ్మకి చదవడం రాదని తెలిసి, వాడుకగా కొనే ఇళ్ళవాళ్ళు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టేవారు. వంజరం వచ్చిందా, రొయ్యలు పెద్దవేనా, ఇవే మాటలు. పొద్దున్న పూట ఆ ఫోను జెట్టీలో లేకపోతే మా బేరం పోయినట్టే. నా క్లాసేమో ఏడున్నరకి. అందుకని ఫోను ఎక్కడుంటే నా కాలేజీ అక్కడ.

ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కన ప్లాస్టిక్ క్రేటు ఒకటి బోర్లించుకుని, ఒళ్ళో నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ నా పక్కనే కూర్చుని చేపలు వేరుచేసేది. మంచుగడ్డల్ని పిండిచేసే మిషను మొదలైతే సారు చెప్పేది సగం వినబడేది కాదు. ఉప్పుగాలికి ఫోనులో ఇయర్‌ఫోన్ గుచ్చే చోటు తుప్పు పట్టిపోయింది. స్పీకరు పెట్టుకోవడం తప్ప గత్యంతరం లేదు. కెమెరా ఆన్ చేయమనేవారు. నా వెనక బోట్లు, వలలు, గంపలు మోసుకెళ్ళే మనుషులు. మిగతావాళ్ళ వెనక తెల్లగోడలు, పుస్తకాల అరలు, కర్టెన్లు. మా క్లాసులో చాలామంది స్టీల్‌ప్లాంటు క్వార్టర్ల పిల్లలు, పోర్టు ఉద్యోగుల పిల్లలు. మొదటి వారంలోనే నాకు పేరు కూడా పెట్టేశారు, అది మాత్రం చెప్పను. చెప్పినా మీరు నవ్వుతారు తప్ప చేసేదేమీ లేదు.

లెక్కల సారు కూడా క్వార్టర్లలో పెరిగినవాడే. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చాడట. ఆ మాట వారానికొకసారైనా చెప్పేవాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే జీతం తీసుకుంటూ, "మీ వైజాగ్ భాష ఒకటి నా ప్రాణానికి" అని వెక్కిరించేవాడు. ఎవరైనా "నాను" అన్నారంటే చాలు, పాఠం ఆపి, ఆ పిల్లతోనో పిల్లాడితోనో "నేను" అని మూడుసార్లు అనిపించేవాడు. షార్ట్‌కట్లకి పెట్టింది పేరు. ఎంత పెద్ద లెక్కైనా ముప్పై సెకన్లలో జవాబు రావాలి. మైకులు ఆన్ చేయించి జవాబులు అడగడం అతని పద్ధతి. "అరవై నుంచి డెబ్భై వరకు రోల్ నంబర్లు మైకులు ఆన్ చేసుకోండి" అనేవాడు. ఆ తర్వాత లెక్క ఇచ్చి, "ఎంత? ఎంత? ఊఁ, ఎంత?" అని వరసపెట్టి అడిగేవాడు. నా నంబరు అరవై ఏడు.

మా జెట్టీ సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పాట పాడేవాడు చేపల పోగు ముందు నిలబడి "ఎంత?" అని అడుగుతాడు. మొదటిసారి ఎవరూ పలక్కపోయినా ఫరవాలేదు, రెండోసారి పలక్కపోయినా ఫరవాలేదు. మూడోసారికి మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒక ధర చెప్పి తీరాలి. మూడుసార్లు అడిగి ఎవరూ నోరు విప్పని పోగు ఆ బోటుకి కీడని మావాళ్ళ నమ్మకం. కొనే ఉద్దేశం లేకపోయినా సరే, సముద్రం మీద అన్నేసి రోజులు ఉండి వచ్చినవాళ్ళ ముఖం చూసి, ఆడవాళ్ళలో ఎవరో ఒకరు అరిచేస్తారు. చాలాసార్లు ఆ అరిచేది మా అమ్మే. ఆమె గొంతు జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరకి వినబడుతుంది.

ఆ రోజు సారు ఏదో లెక్క ఇచ్చి, "ఎంత?" అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ "ఎంత?" అన్నాడు. నేను కాగితం మీద తంటాలు పడుతున్నాను. మూడోసారి, కాస్త కోపంగా, "ఎంత? ఒక్కరికీ నోరు లేదా?" అన్నాడు. కవళ్ళ చేపలు వేరుచేస్తున్న మా అమ్మ, తలెత్తకుండానే, పాటలో అరిచినట్టే అరిచేసింది.

"నూటేబై!"

మైకు ఆన్‌లో ఉంది. ఫోనులో ఒక్కసారిగా నవ్వులు. అమ్మ నాలిక కరుచుకుని, "అయ్యో, పాటనుకున్నానే" అంది నాతో. అది కూడా అందరికీ వినబడింది.

అతను నవ్వి ఊరుకుని ఉంటే నేనూ నవ్వేసేదాన్ని. నిజానికి అది నవ్వుకోవాల్సిన సంగతే. కానీ అతను నవ్వలేదు. "అరవై ఏడు! ఇదేమైనా క్లాసా, చేపల బజారా? ఎవరావిడ, మీ అమ్మా? ఆవిడ పక్కన కూర్చుని ఇంటిగ్రేషన్ నేర్చుకుని ఏం చేస్తావమ్మా? గంప నెత్తిన పెట్టుకోవడానికి ఏ ఫార్ములా వాడతారు, మాక్కూడా చెప్పు" అన్నాడు. ఇంకో విడత నవ్వులు. నేను జవాబు చెప్పబోయేలోపే నన్ను క్లాసులోంచి తీసేశాడు. ఫోను తెర నల్లగా అయిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

మర్నాడు లింకు నొక్కితే లోపలికి రానివ్వలేదు. ఆ మర్నాడూ అంతే. హాజరు తగ్గితే హాల్‌టికెట్ ఇవ్వమని కాలేజీవాళ్ళు ముందే చెప్పి ఉన్నారు. ఆఫీసుకి ఫోను చేస్తే "మీ సారుతో మాట్లాడుకోండి" అన్నారు. సారుకి ఫోను చేస్తే, క్లాసుకి అంతరాయం కలిగించినందుకు మా అమ్మ కెమెరా ముందుకొచ్చి క్షమాపణ చెబితేనే చేర్చుకుంటానన్నాడు. విడిగా కాదు, క్లాసు మొదట్లో, అందరి ముందూ.

నేను వద్దన్నాను. చదువు మానేస్తాను గానీ ఆ పని చేయించనన్నాను. అమ్మ వినలేదు. "ఏటే ఎర్రిదానా, రెండు మాటలంటే నా నోరేటైనా అరిగిపోద్దా? ఫోను పట్టుకో" అంది. చేతులు కడుక్కుంది, పైట తల మీద కప్పుకుంది, క్రేటు మీద నా చోట్లో కూర్చుంది. నూట ఇరవై మంది చూస్తుండగా, "తప్పైపోయినాది బాబూ. తెలీక అరిసీసినాను. పిల్లని సదువుకోనియ్యి" అంది.

"సరే, సరే. ఇకమీదట క్లాసు జరిగేటప్పుడు దూరంగా కూర్చోమ్మా" అన్నాడతను.

అమ్మ దూరంగా కూర్చుంది. ఆ రోజు నుంచి నా క్లాసు అయ్యేవరకు నా దరిదాపులకి వచ్చేది కాదు. చేపలు వేరుచేసే పని ఎండలో, జెట్టీ అంచున చేసుకునేది. అంతకంటే నన్ను కోసింది ఇంకొకటుంది. నా క్లాసు వేళకి పాట నడుస్తుంటే, అమ్మ గొంతు ఎత్తడం మానేసింది. కావాల్సిన పోగు దగ్గరికి వెళ్ళి వేళ్ళతో ధర చూపించేది. పాటగాడు చూసుకునేలోపు పోగు వేరేవాళ్ళకి పోయేది. వంజరం కొనాల్సిన మా అమ్మ నెత్తళ్ళతో సరిపెట్టుకుని వచ్చేది. ఒకళ్ళిద్దరు "గొంతు పోయిందేటే?" అని అడిగితే, జలుబని చెప్పింది.

అది చూసి నేను పళ్ళు నూరుకున్నాను. ఈ మనిషి చేత, అందరి ముందూ, కెమెరాలో, మా అమ్మకి క్షమాపణ చెప్పించాలి. పదిహేడేళ్ళ వయసులో నాకున్న ఏకైక ఆశయం అదే. ఇంజనీరూ కాదు, డాక్టరూ కాదు.

ఎలా చెప్పించాలో కొన్నాళ్ళు తోచలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం అతని పాఠం రికార్డింగు వింటుంటే దారి దొరికింది. క్లాసులన్నీ రికార్డయి కాలేజీ యాప్‌లో ఉండేవి. అర్థం కాని చోట వెనక్కి తిప్పి వినేదాన్ని. ఆ రోజు ఒకే ముక్క నాలుగుసార్లు విన్నా నాకు అర్థం కాలేదు. నా బుర్ర మీద నాకే విసుగొచ్చింది. ఐదోసారి వింటే తెలిసింది, తప్పు నాది కాదు. అతను ఒక గుర్తు మార్చి రాశాడు. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. నాలుగు లైన్ల తర్వాత జవాబు పుస్తకంలోదానితో కలవకపోతే, గబుక్కున జవాబు మాత్రం సరిచేసి, "అంతే, సింపుల్" అని వెళ్ళిపోయాడు.

నా ప్రాణం లేచొచ్చింది. క్లాసురూములోనైతే బోర్డు తుడిచేస్తే ఆ తప్పు గాలికి పోయేది. ఇక్కడ పోదు. ఏ నిమిషంలో, ఏ సెకనులో తప్పు చేశాడో అక్కడే పడి ఉంటుంది. ఆన్‌లైన్ చదువుని అందరూ తిడుతుంటారు గానీ, నాలాంటి పగబట్టినవాళ్ళకి అంతకంటే మంచి చదువు లేదు.

అమ్మ అమ్మకాలు ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చి నడుం వాల్చేది. ఫోను అప్పుడు నాది. అతని పాఠాలు మొదటి నుంచీ పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. అతను తప్పు చేశాడని తేల్చాలంటే ముందు ఒప్పేదో నాకు తెలియాలి కదా. దానికోసం టెక్స్ట్‌బుక్కు నమిలేశాను. అది చాలకపోతే యూట్యూబ్‌లో ఎవరెవరో ముక్కూమొహం తెలియని మాస్టార్ల పాఠాలు విన్నాను. డేటా అయిపోతే, పేట చివర రేషను డిపో అరుగు మీద కూర్చుని, అప్పటికే దించుకున్న పాఠాలు మళ్ళీ విన్నాను. ఒక్క తప్పు పట్టుకున్న రోజు నాకు అన్నం సయించేది. దొరకని రోజు అతని మీద ఇంకాస్త ఒళ్ళు మండేది, సరిగ్గా చెప్పినందుకు! ఒక నోట్‌బుక్కు ప్రత్యేకంగా దానికే కేటాయించాను. పాఠం పేరు, నిమిషం, సెకను, అతను ఏం రాశాడు, ఏం రాయాలి. నాలుగు నెలలు తిరిగేసరికి నలభై దాటాయి.

ఆ నాలుగు నెలల్లో నా మార్కులు పెరిగాయి. అతనే ఒకసారి "అరవై ఏడు, వెరీ గుడ్" అన్నాడు. ఆ మెచ్చుకోలు విని నాకు వెగటు పుట్టింది.

నేను ఎదురుచూసిన అవకాశం ఆ కాలేజీవాళ్ళే ఇచ్చారు. పదో తరగతి పిల్లల్ని చేర్చుకోవడం కోసం ఆదివారం సాయంత్రం ఉచిత డెమో క్లాసు పెట్టారు. కొత్త పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు వస్తారు. సంఖ్య బాగా కనబడాలని మమ్మల్నీ తప్పనిసరిగా చేరమన్నారు. క్లాసు చెప్పేది అతనే, కానీ క్లాసు తాళం ప్రిన్సిపాల్ చేతిలో. అంటే నన్ను తీసేయడం అతని వల్ల కాదు. ఇంట్లో అమ్మని బలవంతాన పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

అతను కొత్త పిల్లల ముందు తన షార్ట్‌కట్ విద్యంతా ప్రదర్శించాడు. సైన్ టూ ఎక్స్, సైన్ ఎక్స్‌కి సమానం, ఎక్స్ విలువలు కనుక్కోమన్నాడు. సైన్ టూ ఎక్స్‌ని విడగొట్టి, రెండు పక్కలా ఉన్న సైన్ ఎక్స్‌ని సర్రున కొట్టేసి, ఇరవై సెకన్లలో జవాబు రాసి, "డౌట్స్?" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

నేను చెయ్యెత్తే గుర్తు నొక్కాను. ప్రిన్సిపాల్ మాట్లాడమన్నారు.

"సార్, ఎక్స్ సున్నా అనుకుంటే రెండు పక్కలా సున్నానే వస్తుంది కదండీ. అదీ జవాబే. మీ జవాబుల్లో అది లేదు. సైన్ ఎక్స్ సున్నా కావచ్చు కాబట్టి దాన్ని అలా కొట్టేయకూడదు సార్."

అతను ఒక్క క్షణం తన తెర వంక చూసుకున్నాడు. "అదే చెప్పబోతున్నాను" అన్నాడు.

"చెప్పలేదు సార్. ఆగస్టులో మాకు ఫస్టియర్ పాఠాలు తిరగేసినప్పుడు కూడా చెప్పలేదు. ఆ పాఠం పదకొండో నిమిషంలో చూడండి. అప్పుడూ ఇలాగే కొట్టేశారు." ఆ తర్వాత నోట్‌బుక్కు తెరిచాను. ఒకటి చదివాను, రెండు చదివాను, మూడు చదివాను, నిమిషాలూ సెకన్లతో సహా. తల్లిదండ్రులెవరో చాట్‌లో "ఇదేంటి సార్?" అని రాశారు. అతని నుదుటి మీద చెమట నాకు స్పష్టంగా కనిపించింది. ఆ చెమట కోసమే నాలుగు నెలలు చదివాను నేను.

"సార్, క్లాసుకి అంతరాయం కలిగిందని మా అమ్మ చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించారు. ఆవిడ ఒక్క ధర తప్పు చెప్పింది. మీరు నలభై మూడు తప్పులు చెప్పారు. అమ్మ ఇక్కడే ఉంది. చెప్పండి" అన్నాను. ఫోను అమ్మ వైపు తిప్పాను. చేటలో చెయ్యి అలాగే ఉంచి అమ్మ బిత్తరపోయి చూసింది.

"హలో... హలో... నా నెట్‌వర్క్..." అన్నాడతను. తెర మీద నుంచి మాయమైపోయాడు. మాలో ఎవరైనా ఆ సాకు చెబితే చెడామడా తిట్టేవాడు!

అమ్మ మాత్రం సంతోషించలేదు. "సదువు సెప్పినోడితో నీకు గొడవేటే? ఆడేదో అన్నాడు, నానేదో అన్నాను, అయిపోనాది" అని చేట తీసుకుని లేచిపోయింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. నీ గొంతు పోయినందుకు నేను కొట్లాడుతుంటే, నీకేం పట్టదా అని అరిచాను.

రెండు వారాల తర్వాత, ఇకనుంచి లెక్కలకి వేరే సారు వస్తారని క్లాసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. అసలే కాలేజీవాళ్ళు అప్పటికి సగం మంది సార్లని వదిలించుకునే పనిలో ఉన్నారు. వాళ్ళకి కావాల్సిన సాకు నేను అందించాను. ఆ మెసేజ్ పదిసార్లు చదువుకున్నాను. అమ్మని అడిగి రొయ్యల కూర చేయించుకుని, కడుపునిండా తిన్నాను. ఎందుకో ఆమెకి చెప్పలేదు. అయినా క్షమాపణ మిగిలిపోయిందనే వెలితి పళ్ళలో ఇరుక్కున్న ముల్లులా అలాగే ఉంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే అతను జెట్టీకి వచ్చాడు.

మొదట నేను నమ్మలేదు. స్కూటరు వెనక రెండు థర్మాకోల్ పెట్టెలు కట్టుకుని, మాస్కు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి నేల మీద ఆచితూచి అడుగులేస్తూ వచ్చాడు. గొంతు విని గుర్తుపట్టాను. ఆ రోజుల్లో జీతాలు పోయినవాళ్ళు చాలామంది అలాగే వచ్చేవారు, ఇక్కడ కొని అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ అందించడానికి. మా అమ్మా వాళ్ళకి అది కడుపుమంటే. ఇతన్ని చూసి నాకు మాత్రం పండగలా ఉంది.

పాటలో అతనికేమీ తెలియదు. పోగు ముందు నిలబడి, "అండీ, ఇది ఎంతకిస్తారండీ?" అని పాటగాణ్ణి మర్యాదగా అడిగేవాడు. పాటగాడు అతని వంక కూడా చూసేవాడు కాదు. మూడు రోజులు ఖాళీ పెట్టెలతో వెనక్కి వెళ్ళాడు. మూడో రోజు అమ్మ అతన్ని దగ్గర నుంచి చూసింది. అతనూ అమ్మని చూశాడు. చూసి గుర్తుపట్టాడని ఆ ముఖమే చెప్పింది. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమోనని కాచుక్కూర్చున్నాను. విప్పలేదు. తల దించుకుని స్కూటరు వైపు వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు మాత్రం తెగించాడు. కానాగంతల పోగు ముందు పాటగాడు మూడోసారి "ఎంత?" అనగానే, మాస్కు కిందికి లాగి, మెడనరాలు ఉబ్బేలా అరిచాడు. సగంలో గొంతు బొంగురుపోయి కీచుమంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరో అతని అరుపుని అచ్చం అలాగే అనుకరించారు, మళ్ళీ నవ్వులు. అతను ఎర్రబడిపోయిన ముఖంతో, మోకాళ్ళ మీద కూర్చుని, చేపల్ని పెట్టెలోకి ఎత్తుకున్నాడు.

ఇదంతా నేను వీడియో తీశాను. తియ్యకుండా ఎలా ఉంటాను? కింద ఒక ముక్క కూడా రాశాను: "ఇది క్లాసు కాదు, చేపల బజారు." క్లాసు గ్రూపులో పెట్టేశాను. అతన్ని గ్రూపులోంచి తీసేయడం కాలేజీవాళ్ళు మరిచిపోయారని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. అతను చూడాలి, చూసి చావాలి. నిమిషంలో నవ్వుతున్న బొమ్మలు వరస కట్టాయి. అమ్మని చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు అతన్ని చూసి నవ్వారు. నా గుండె చల్లబడింది.

అరగంట గడిచింది. అతను చేపలు తీసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ నా పక్కకొచ్చి గంప సర్దుకుంటోంది. ఫోను మోగితే తడిచేత్తోనే అందుకుని, ఎవరో వాడుక ఇంటివాళ్ళ బేరమనుకుని, వాయిస్ మెసేజ్ నొక్కింది. స్పీకర్లోంచి చిన్నపిల్ల గొంతు వచ్చింది. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళుంటాయి.

"అక్కా, మీరు గ్రూపులో పెట్టిన వీడియో తీసేస్తారా? నాన్న ఫోను నా క్లాసు కోసం ఇంట్లో పెట్టి వెళ్ళారు. నేను క్లాసులో ఉంటే వచ్చింది. నాన్న ఇంకా చూడలేదు. పొద్దున్నే కాలేజీకి వెళ్ళి, అక్కడి నుంచి క్లాసులు చెప్తున్నానంటారు మాకు. నాకు తెలిసిపోయిందని నాన్నకి తెలిస్తే ఏడుస్తారు. నాన్న వచ్చేలోపు తీసేయండక్కా, ప్లీజ్."

వాళ్ళింట్లో కూడా ఒక్కటే ఫోను. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"ఏ వీడియోవే?" అంది అమ్మ.

చూపించాను. మొత్తం చూసింది. చివర్లో ఆడవాళ్ళు నవ్విన చోట కళ్ళు మూసుకుంది. "తీసీ" అంది. తీసేశాను. అమ్మ ఫోను లాక్కుని, ఆ పాపకి జవాబు చెప్పడానికి మైకు గుర్తు నొక్కిపట్టింది.

"తల్లీ, తీసీసినామమ్మా. మీ నాన్న సూడ్లేదు, సూడడు. ఇయాల మీ నాన్నకి మంచి సేపలు దొరికినాయి, అందుకే అందరం సంబరంగా నవ్వినాం. ఇంకేటీ లేదు. నువ్వు బాగా సదువుకో."

గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నా ముఖం చూడలేదు. నా తర్వాతి క్లాసు కోసం ఫోను మాత్రం క్రేటు మీద పెట్టి వెళ్ళింది.

అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అతను మా అమ్మకి క్షమాపణ చెప్పనూ లేదు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ జెట్టీకి వచ్చాడు, రెండు నెలలు వచ్చాడు, బాగానే అరవడం నేర్చుకున్నాడు, ఆ తర్వాత రావడం మానేశాడు. అతను ఏమయ్యాడో కనుక్కోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ పాప గొంతు మాత్రం, ఇప్పుడు నేను చెప్పే క్లాసులో ఎవరైనా చిన్నపిల్ల మైకు ఆన్ చేసి "అక్కా" అన్నప్పుడల్లా నా చేతిలో పెన్ను ఆగేలా చేస్తుంది.

వీడియో పెట్టిన ఆ రోజు సాయంత్రం అమ్మ కంచంలో అన్నం పెట్టి, నాకు ఎదురుగా కూర్చుని, ఒకే ఒక్క మాట అంది.

"ఆడు నన్నన్న రోజు కూడా నాకు ఏడుపు రాలేదే."